తల్లుల మానసిక ఆరోగ్యం మీద రీసెర్చ్‌తో కెరీర్ నడుస్తుందా? తిరుపతి నుంచి ఒక జవాబు

అడిగినవాళ్లు సైకియాట్రీ మొదటి ఏడాది పీజీ. ప్రశ్న సారాంశం ఇది: "తిరుపతిలో ఎండీ చేస్తున్నాను. గర్భిణులు, బాలింతల మానసిక ఆరోగ్యం మీద రీసెర్చ్ చేయాలని ఉంది. దాన్నే కెరీర్‌గా పెట్టుకోవచ్చా? బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్‌కో లండన్‌కో పోక తప్పదా, ఇక్కడే ఉండి చేయొచ్చా? థీసిస్ ఏం తీసుకోవాలి? ఇంట్లో వాళ్లు మాత్రం పాసైన వెంటనే క్లినిక్ తెరవమంటున్నారు."

కెరీర్ ఉంది. ఇక్కడే ఉండి కూడా చేయొచ్చు. కానీ సైకియాట్రీ డిపార్ట్‌మెంట్‌లో కూర్చుని మాత్రం చేయలేరు. ఈ ఒక్క ముక్క ముందే చెప్పేస్తే మిగతాదంతా దాని వెనకాలే వస్తుంది.

ఎందుకంటే మనకు కావలసిన తల్లులు మన ఓపీకి రారు. డిప్రెషన్‌తో ఉన్న బాలింత నడుం నొప్పని గైనిక్ ఓపీకి వెళ్తుంది, పాలు చాలట్లేదని, బిడ్డ రాత్రంతా ఏడుస్తున్నాడని పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్తుంది, ఆరో వారం టీకాకి సబ్‌సెంటర్‌కి వెళ్తుంది, అన్నిచోట్లా తలూపి ఇంటికొచ్చేస్తుంది. మన దాకా వచ్చేది బాగా ముదిరిన కేసు, అది కూడా తాయెత్తులు, మంత్రాలు, గుళ్లో నిద్రలు అన్నీ అయ్యాక. అలాంటి ఓపీ రిజిస్టర్ ముందేసుకుని తల్లుల గురించి లెక్కలు తీస్తే ఏం తెలుస్తుంది? ఎవరింట్లో వాళ్లు ఎంతకాలం ఓపిక పట్టారో తెలుస్తుంది, అంతే.

కాబట్టి మీకు ముందు కావలసింది గైనిక్ వాళ్ల ఓపీలో ఒక కుర్చీ. నేను ఈ చుట్టుపక్కలే, తిరుపతికీ చిత్తూరుకీ మధ్య, ఏళ్ల తరబడి ఇదే పనిలో ఉన్నాను కాబట్టి ఆ కుర్చీ ఎలా దొరుకుతుందో చెప్తాను. మన డిపార్ట్‌మెంట్ హెడ్‌తో లెటర్ పెట్టించడం అవసరమే, లెటర్ వల్ల కుర్చీ మాత్రం రాదు. అక్కడి రద్దీ మీకు తెలుసు. అంత క్యూ మధ్యలోకి మనం వెళ్లి "మీ పేషెంట్లని పది ప్రశ్నలు అడుగుతాం" అంటే విసుక్కోరా మరి. వాళ్లకి కావలసింది వేరే. లేబర్ రూంలో ఒకమ్మాయి కేకలు పెడుతూ ఎవర్నీ దగ్గరికి రానివ్వకపోతే, సిజేరియన్ అయిన మూడో రోజు తల్లి బిడ్డని చూడనంటే, తెల్లవారుజామున ఫోన్ ఎత్తే సైకియాట్రీ మనిషి కావాలి. మీరు ఆ మనిషి అవండి. కొన్నాళ్లు బదులుగా ఏమీ అడక్కుండా ఫోనెత్తండి. ఆ తర్వాత మీరు ప్రశ్నాపత్రం పట్టుకుని వెళ్తే వార్డు సిస్టరే పిలిచి "డాక్టర్‌గారూ, ఆ మూడో బెడ్ అమ్మాయిని కూడా చూడండి, నిన్నట్నించి అన్నం ముట్టలేదు" అని చెప్తుంది. ప్రొఫెసర్ సంతకం లేకపోతే స్టడీ మొదలవదు, ఆ సిస్టర్ దయ లేకపోతే పూర్తవదు.

ఇక సబ్జెక్టు. తెలిసినవే అయినా అంకెలు ఒకచోట పెడతాను, థీసిస్ సంగతి వీటిమీదే తేలుతుంది. కాన్పయిన మూడో రోజు నుంచి ఐదో రోజు మధ్య మొదలయ్యే ఏడుపు, చిరాకు, అదే బేబీ బ్లూస్, సగం మందికి పైగా తల్లులకి వస్తుంది, రెండు వారాల్లో దానంతటదే పోతుంది. సైకోసిస్, అంటే లేనిది ఉన్నట్టు నమ్మేంత తీవ్రమైన మానసిక జబ్బు, వెయ్యి కాన్పులకి ఒకటో రెండో. ఈ రెండింటి మధ్యలో ఉన్న డిప్రెషనే అసలు బరువు. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలు కలిపి, 20 వేల మందికి పైగా తల్లుల మీద లెక్కగడితే 22 శాతం తేలింది. సైకియాట్రిస్టు విక్రమ్ పటేల్ బృందం 2002లో గోవాలో చూసింది 23 శాతం. అదే ఏడాది మన పక్కనున్న వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) వాళ్లు తమిళనాడు పల్లెల్లో 359 మందిని గర్భంతో ఉన్నప్పుడు ఒకసారి, కాన్పు తర్వాత ఒకసారి చూస్తే కొత్తగా డిప్రెషన్ వచ్చినవాళ్లు 11 శాతం. 22కీ 11కీ పొంతన కుదరలేదని కంగారు పడకండి. మొదటిది ఉన్న జబ్బంతా, రెండోది కాన్పు తర్వాత పుట్టిన జబ్బు. కడుపుతో ఉన్నప్పుడే మొదలైనదాన్ని కాన్పు ఖాతాలో వేసేయడం మన థీసిస్‌లలో రోజూ జరిగేదే.

అందుకని దయచేసి ఇంకో ప్రివలెన్స్ స్టడీ, అంటే జబ్బు ఎంతమందికుందో లెక్కపెట్టే స్టడీ, మాత్రం చేయకండి. "ఒక బోధనాసుపత్రిలో వంద మంది బాలింతల్లో డిప్రెషన్ శాతం" అనే థీసిస్‌లు మన కాలేజీ లైబ్రరీల్లో కావలసినన్ని ఉన్నాయి. గైడ్‌కి సులువు, ఎగ్జామినర్‌కి సులువు, చదివినవాళ్లకి కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు.

ఆ వేలూరు పేపర్లో నన్ను పట్టి ఉంచింది ఆ 11 కంటే దాని కింద రాసిన కారణాలు. డబ్బు ఇబ్బంది, కొడుకు కావాలనుకుంటే కూతురు పుట్టడం, ఇంటి పనికి సాయం లేకపోవడం, అత్తతో పడకపోవడం, ఇవన్నీ మనం ఊహించేవే. వాటి పక్కనే ఇంకోటుంది: కన్నవాళ్లతో పడకపోవడం. పురుడికి పుట్టింటికి వెళ్లిందంటే పిల్ల సుఖపడిందనే అనుకుంటాం కదా. పెళ్లికి చేసిన అప్పు ఇంకా తీరి ఉండదు, పురుడు ఖర్చు మళ్లీ వీళ్ల నెత్తినే పడుతుంది, వదిన ముఖం మాడ్చుకుని తిరుగుతుంటుంది, ఆడపిల్ల పుట్టిందని అల్లుడు చూడ్డానికి రాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు, బాలింతకి మాత్రం రాత్రింబవళ్లు అదే ఆలోచన.

మన ప్రాంతానికి అచ్చంగా సరిపోయే ప్రశ్న ఇక్కడే ఉంది, నన్నడిగితే ఒక కెరీర్‌కి సరిపడా ప్రశ్న. మన దగ్గర అమ్మాయి సీమంతం అయ్యాక పుట్టింటికొస్తుంది, కాన్పు ఇక్కడే, మూడో నెలలోనో ఐదో నెలలోనో మంచిరోజు చూసి బిడ్డతో అత్తారింటికి పంపుతారు. ఆరోగ్య శాఖ క్యాలెండర్ వేరేగా నడుస్తుంది. ఆసుపత్రి కాన్పయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికొచ్చి చూడాలి. 42వ రోజుతో బాలింత పని దాదాపు అయిపోయినట్టే. మూడో నెల నుంచి 15వ నెల దాకా మూణ్ణెల్లకోసారి మళ్లీ వస్తుంది, కానీ అది బిడ్డ కోసం, బరువు ఎంతుంది, తిండి ఏం పెడుతున్నారు, ఐరన్ సిరప్ పోస్తున్నారా అని. పైగా ఏ ఊరి ఆశా? పుట్టిల్లు శ్రీకాళహస్తి, అత్తిల్లు పలమనేరు అయితే ఇక్కడి ఆశా పుస్తకంలో ఆమె వెళ్లిపోయింది, అక్కడి ఆశా పుస్తకంలో ఇంకా రాలేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక పురుడు తిరుపతి జిల్లా లెక్కలోకి, కాపురం చిత్తూరు జిల్లా లెక్కలోకి పోయాయి. తిరుత్తణి, గుడియాత్తం వైపు ఇచ్చిన పిల్లలైతే రాష్ట్రమే మారిపోతుంది.

సరిగ్గా ఆ ఇల్లు మారే నెలల్లోనే తల్లి మీద భారమంతా పడుతుంది. పుట్టింట్లో స్నానం చేయించి, సాంబ్రాణి వేసి, వేడన్నం పెట్టే మనిషి ఉండేది. అత్తింట్లో అడుగుపెట్టిన మర్నాటి నుంచి నీళ్లు మొయ్యడం, వంట, ఆవుల పని, మధ్యలో బిడ్డ. అప్పుడామె ఎలా ఉందో చూసే పుస్తకం ఏ శాఖ దగ్గరా లేదు.

ఇది ఎంత దూరం పోతుందో చూడండి. డాక్టర్ల నిర్వచనంలో మాతృమరణం అంటే గర్భంతో ఉండగానో, కాన్పయిన 42 రోజుల్లోపో తల్లి చనిపోవడం. బ్రిటన్‌లో ప్రతి తల్లి మరణాన్నీ పేరు బయటపెట్టకుండా విడిగా విచారించే ఏర్పాటు ఉంది. అక్కడ ఆరు వారాలు దాటి ఏడాది లోపు జరిగే మరణాల్లో, కాన్పుతో నేరుగా ముడిపడ్డ కారణాలు తీసుకుంటే, ఆత్మహత్యే ముందుంటోందని వాళ్ల నివేదికలు చెప్తూనే ఉన్నాయి. గర్భిణి, బాలింత ఆత్మహత్యను నేరుగా మాతృమరణంగానే లెక్కపెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లోనే చెప్పింది. మన దగ్గర నాలుగో నెల బాలింత ప్రాణం తీసుకుంటే అది పోలీస్ స్టేషన్లో ఒక కాగితం, పెళ్లయి ఏడేళ్లు దాటలేదు కాబట్టి తహసీల్దారు విచారణలో ఇంకో కాగితం. కట్నం వేధింపులు ఉన్నాయా లేదా అన్నది చూస్తారు, చూడాల్సిందే. ఆమె రెండు నెలలుగా నిద్ర లేకుండా ఉందా, ఎవరికైనా చెప్పుకుందా, టీకాకి వచ్చినప్పుడు ఎవరైనా అడిగారా అన్నది ఆ కాగితాల్లో ఉండదు.

పద్ధతి సంగతికొస్తే ఒక రోజు చెప్తాను. పాకాల వైపు ఒక సబ్‌సెంటర్, టీకాల రోజు. పద్నాలుగో వారం డోసుకి వచ్చిన తల్లి, వెంట అత్త. "ఎట్లుండావు తల్లీ?" అని మా ఫీల్డ్ సిస్టర్ అడిగితే జవాబు అత్త చెప్తోంది: "బాగుండాది మేడం, పిలకాయ పాలు బాగా తాగతా ఉండాడు, ఏం ఇబ్బంది లేదు." ఆ అమ్మాయి గోడకానుకుని బిడ్డ కాళ్ల వైపు చూస్తూ నిలబడింది. అత్తని పక్కన పెట్టుకుని పది ప్రశ్నలు అడిగితే పదికీ సున్నా వస్తుంది, ఆ సున్నా మీ డేటాలో జబ్బు లేని తల్లిగా చేరిపోతుంది, ఏ స్టాటిస్టిక్సూ దాన్ని బయటికి తీయలేదు. సిస్టర్ ఏం చేసిందంటే, టీకా అయ్యాక అత్త చేతికి బిడ్డనిచ్చి "అరగంట ఇక్కడే ఉండాలమ్మా, కొంచెం ఆ చెట్టు నీడలో కూర్చోండి" అని పంపి, తల్లిని "నీకు బీపీ చూస్తాం రా" అని లోపలికి పిలిచింది. బీపీ పట్టీ చేతికి కట్టి, గాలి వదులుతూ మొదటి ప్రశ్న అడిగింది. నాలుగైదు ప్రశ్నల దాకా ముక్తసరి జవాబులే. తర్వాత ఆ అమ్మాయి తనంతట తనే "రాతిరి పిలకాయ నిద్రపోతాడు మేడం, నాకే పట్టదు" అంది. పాలకి లేవడం వల్ల పోయే నిద్ర వేరు, బిడ్డ పడుకున్నా తల్లికి కన్ను మూతపడకపోవడం వేరు. మా ఫీల్డ్ వాళ్లందరికీ ఇది నేర్పించాం, స్కేలు మర్చిపోయినా ఇది మర్చిపోవద్దని.

ఆ పది ప్రశ్నలు ఎడిన్‌బరో స్కేలువి. 1987లో జాన్ కాక్స్, జెనిఫర్ హోల్డెన్, రూత్ సాగోవ్‌స్కీ తయారుచేశారు. ఒక్కో ప్రశ్నకి 0 నుంచి 3, మొత్తం 30. కాక్స్ అంతకు ముందు ఉగాండాలో బాలింతల మీద పనిచేసిన మనిషి. అప్పటికున్న డిప్రెషన్ స్కేళ్లు ఆకలి, అలసట, బరువు లాంటి ఒంటి లక్షణాలు లెక్కపెట్టేవి. పచ్చి బాలింతకి అవి ఎలాగూ ఉంటాయి. అందుకని వాటిని చాలావరకు పక్కన పెట్టి మనసుకి సంబంధించినవే ఉంచారు. మన పల్లెల్లో కాగితం చేతికిచ్చి నింపమంటే కుదరదు, చదివి వినిపించాలి, చదివేవాళ్ల గొంతు, కూర్చున్న చోటు, పక్కనున్న మనిషి, ఇవన్నీ మార్కుని మారుస్తాయి. వాళ్లు 12/13 దగ్గర గీత గీశారు, అంటే 13 గానీ ఆపైన గానీ వస్తే డిప్రెషన్ ఉండొచ్చని. మన తల్లుల్లో ఎక్కడ గీయాలన్నది పూర్తి డయాగ్నోసిస్ ఇంటర్వ్యూ పక్కన పెట్టి తేల్చుకోవాలి. ఇది జల్లెడ మాత్రమే. స్కేలులో మార్కు దాటగానే డిప్రెషన్ అని పేపర్లో రాసేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. రక్తం లేక నీరసపడ్డ తల్లి, కాన్పు తర్వాత థైరాయిడ్ దెబ్బతిన్న తల్లి కూడా ఆ మార్కు దాటొచ్చు, హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) చూడకుండా ఏమీ తేల్చొద్దు.

పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. మొత్తం మార్కు ఎంతైనా కానీ, ఆ ఒక్క ప్రశ్నకి అవునని వస్తే ఆ రోజే డాక్టరు ఆమెతో మాట్లాడాలి. రేపు చూద్దాం అనే మాట లేదు. వాహనం ఎవరిది, డాక్టరు ఎవరు, ఇంట్లో ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు, అన్నీ ముందే రాసి ఉండాలి. ఫోన్లో మాట్లాడ్డానికి 14416, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్, 2022 అక్టోబర్ నుంచి ఉంది, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు కాగితం చేతిలో పెట్టి పంపేస్తే మన పని అయిపోయినట్టు మాత్రం కాదు.

ఇదే మాట రీసెర్చ్ మొత్తానికి వర్తిస్తుంది. పంపడానికి చోటు లేకుండా లెక్కపెట్టడం మొదలుపెట్టకండి. అతిఫ్ రెహ్మాన్ అనే సైకియాట్రిస్టు చేసిన పని వరసగా చదవండి, కెరీర్ ఎలా పేరుకుంటుందో కనిపిస్తుంది. పాకిస్తాన్‌లో రావల్పిండి చుట్టూ పల్లెలు. తల్లికి డిప్రెషన్ ఉంటే బిడ్డ ఎదుగుదల తగ్గుతుందని, విరేచనాలు ఎక్కువని 2004లో చూపించారు. తర్వాత, సైకియాట్రిస్టే లేని చోట ఏం చేయాలన్న ప్రశ్న. మన ఆశాల్లాంటి లేడీ హెల్త్ వర్కర్లకే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనల తీరు మార్చే మాటల చికిత్స) మెళకువలు నేర్పి ఇళ్లకి పంపారు. 2008లో లాన్సెట్ అనే మెడికల్ జర్నల్‌లో వచ్చింది: 903 మంది తల్లులు, ఆరు నెలలకి ఆ సాయం అందినవాళ్లలో డిప్రెషన్ 23 శాతం, మామూలుగా ఇంటికొచ్చి పోయిన చోట 53 శాతం. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని మాన్యువల్‌గా అచ్చేసింది. ఆ తర్వాత గోవాలోనూ రావల్పిండిలోనూ ఊళ్లోని మామూలు ఆడవాళ్ల చేత చేయించి చూశారు. ఒకే చోటు, ఒకే ప్రశ్న, ఏళ్లకేళ్లు. ఇందులో నాకు బాగా నచ్చే సంగతి, ఆ 2008 ట్రయల్‌లో వాళ్లు ముఖ్యంగా చూడాలనుకున్నది బిడ్డల బరువు, పొడుగు. అందులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, రాలేదనే రాశారు.

ఇంకో సంగతి కూడా అక్కడే నేర్చుకోవాలి. వాళ్లు ఇళ్లలోకి వెళ్లింది బిడ్డ బాగు పేరు మీద. మన ఊళ్లలోనూ అంతే, "మనసు డాక్టరు" అంటే అత్త గుమ్మం దగ్గరే ఆపేస్తుంది, "బిడ్డ ఎదుగుదల చూస్తాం, తల్లి ధైర్యంగా ఉంటేనే బిడ్డ బాగుంటాడు" అంటే చాప వేస్తుంది. ఒక్క జాగ్రత్త, ఆశా అదే ఊరి మనిషి, ఆ ఇంటికి చుట్టం కూడా కావచ్చు. తల్లి చెప్పింది ఎక్కడిదాకా పోతుందో తల్లికి ముందే తెలియాలి. కన్సెంట్ ఫారంలో రాసిన గోప్యత వేరు, బోరింగు దగ్గరి గోప్యత వేరు.

సైకోసిస్ గురించి కొంచెం. సంఖ్య తక్కువ, కానీ ఒక్క కేసు మీకు ఈ సబ్జెక్టు మీద ఉన్న భ్రమలన్నీ పోగొడుతుంది. వివరాలు మార్చి చెప్తున్నాను. కాన్పయి పది రోజులు కాలేదు, వరసగా మూడు రాత్రులు నిద్ర లేదు, ఎడతెగని మాటలు, నాలుగో రోజుకి "ఇది నా బిడ్డ కాదు, ఆసుపత్రిలో మార్చేశారు" అని. ఇంట్లో ఒకరు గాలి సోకిందని తాయెత్తు కట్టించారు, ఇంకొకరు సన్నిపాతమని పథ్యం బిగించి మంచినీళ్లు కూడా తగ్గించేశారు. ఇలాంటప్పుడు సైకియాట్రిస్టు చేయాల్సిన మొదటి పని సైకియాట్రీ కాదు. జ్వరం ఉందా, ఇన్ఫెక్షన్ ఉందా, తలనొప్పి, ఫిట్స్ ఉన్నాయా చూడాలి. నీళ్లు తాగనివ్వని బాలింతలో మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టడం మన దేశంలో అరుదేం కాదు, స్కాన్ తీయించకుండా ఇంజక్షన్ ఇచ్చి పడుకోబెడితే ప్రాణం మీదికొస్తుంది.

అదేం లేదని తేలింది, అడ్మిట్ చేయాలి, బిడ్డ ఎక్కడ? మామూలు సైకియాట్రీ వార్డుల్లో బిడ్డకి చోటుండదు. అమ్మమ్మ వరండాలో పాలసీసాతో కూర్చుంటుంది, తల్లి పాలు గట్టిపడి నొప్పితో లోపల. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్ ప్రకారం మూడేళ్లలోపు బిడ్డను చికిత్సలో ఉన్న తల్లి నుంచి మామూలుగా వేరుచేయకూడదు, తల్లి వల్ల బిడ్డకు ముప్పు ఉందంటేనే, అదీ తాత్కాలికంగా. చట్టం రాసేశారు, మంచం ఎవరు వేస్తారు? బెంగళూరు నిమ్‌హాన్స్‌లో ప్రభా చంద్ర గారి చొరవతో 2009లో తల్లీబిడ్డల యూనిట్ వచ్చింది. అందరూ అంత దూరం పోలేరు. మేం చేసుకున్న ఏర్పాటు, పోస్ట్‌నేటల్ వార్డు చివర ఒక గది, తల్లికి మంచం, బిడ్డకి ఉయ్యాల, అమ్మమ్మకి చాప, తలుపుకి లోపలి గడియ తీసేశాం. కత్తెర, తాడు లాంటివేవీ ఉండవు, రాత్రి డ్యూటీ సిస్టర్ టేబుల్ ఆ గుమ్మం ఎదురుగా. ఖర్చు పెద్దగా లేదు, గైనిక్ వాళ్లని ఒప్పించడమే పని. ఆ కుర్చీ అవసరం ఇప్పుడు తెలిసిందా? చికిత్స అందితే ఈ తల్లులు చాలామంది బాగా కోలుకుంటారు, ఇంటికెళ్లి బిడ్డని పెంచుకుంటారు, తర్వాతి కాన్పుకి మళ్లీ వచ్చే ముప్పు మాత్రం ఉంటుంది, కాబట్టి రెండో గర్భం సంగతి తెలిసిన రోజే మనకు ఫోన్ రావాలి. పనిలో పనిగా, పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్లకి వాల్‌ప్రోయేట్ (ఫిట్స్‌కీ మూడ్ జబ్బులకీ ఇచ్చే మందు) రాసే అలవాటు మీ చేతికి అంటనివ్వకండి. గర్భంలో బిడ్డకి అది చేసే చెడుపు అందరికీ తెలుసు, అయినా ప్రిస్క్రిప్షన్లలో ఇంకా కనపడుతూనే ఉంది. ఎందుకు రాస్తున్నారో అడిగి తెలుసుకోవడం కూడా ఒక థీసిసే.

నిమ్‌హాన్స్‌కి వెళ్లాలా? వెళ్లండి, మకాం మార్చకండి. ఎండీ అయ్యాక మహిళల మానసిక ఆరోగ్యంలో అక్కడ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్ ఉంది. తల్లీబిడ్డల యూనిట్‌లో రోజు ఎలా గడుస్తుందో చూడ్డానికి అంతకంటే మంచి చోటు మనకు దగ్గర్లో లేదు. ఎపిడెమియాలజీ (జనంలో జబ్బుల లెక్క తీసే శాస్త్రం), ఊళ్లలో ఏళ్ల తరబడి ఫాలో అప్ ఎలా చేస్తారన్నది నేర్చుకోవాలంటే వేలూరు చిత్తూరుకి బస్సు దూరం. లండన్ కూడా తప్పేం కాదు, ఈ సబ్జెక్టుకి అక్కడ పునాది వేసినవాళ్లలో చన్నీ కుమార్ ఒకరు, పేరు చూస్తేనే మూలాలు ఎక్కడివో తెలుస్తాయి, బెత్‌లెమ్ ఆసుపత్రిలోని తల్లీబిడ్డల యూనిట్‌కి ఆయన పేరే పెట్టారు. 1980లో మొదలైన మార్సే సొసైటీలో చేరితే ప్రపంచంలో ఈ పని చేసేవాళ్లంతా తెలుస్తారు. కానీ మీ ప్రశ్న ఇక్కడి తల్లులది. శ్రీకాళహస్తిలో పురుడు పోసుకుని పలమనేరులో కాపురం చేసే అమ్మాయిని లండన్ నుంచి ఎవరూ ఫాలో అప్ చేయలేరు, ఆమెతో మాట్లాడే భాష మీకే వచ్చు, ఆమె అత్తతో మాట్లాడే పద్ధతీ మీకే వచ్చు.

థీసిస్‌కి నేనైతే ఇలా చేస్తాను. ఎనిమిదో నెల గర్భిణుల్ని గైనిక్ ఓపీలో చేర్చుకుని, అప్పుడే ఒకసారి చూసి, పుట్టింట్లో ఉండగా ఆరో వారంలో ఒకసారి, అత్తింటికి వెళ్లిన నెల లోపు ఒకసారి చూడటం. మూడో చూపే ఈ థీసిస్‌కి ప్రాణం. చేర్చుకునే రోజే రెండిళ్ల చిరునామాలు, తల్లిది, భర్తది, వీలైతే మేనమామదో పిన్నిదో ఫోన్ నంబర్లు, రెండూళ్ల ఆశాల పేర్లు రాసుకోండి. రీఛార్జి అయిపోతే నంబర్లు మారిపోతాయి, పిన్ని నంబరు మారదు. పీజీ టైంలో పెద్ద సంఖ్య కుదరదు, ఫర్వాలేదు, ఎంతమందిని మూడోసారి పట్టుకోగలిగారన్నదే మీ తర్వాతి గ్రాంటుకి ఆధారం అవుతుంది. ఇది కుదరదని గైడ్ అంటే, పది పదిహేను మంది తల్లులతో, వాళ్ల అమ్మలతో, అత్తలతో విడివిడిగా కూర్చుని మాట్లాడే క్వాలిటేటివ్ స్టడీ చేయండి. మన సైకియాట్రీలో దాన్ని చిన్నచూపు చూస్తారు. చేసి చూడండి, టేపు విని రాసుకునేటప్పటికి నడుం పడిపోతుంది.

గ్రాంట్ల విషయం క్లుప్తంగా. కేంద్ర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ ఉంది, కేంద్ర బయోటెక్నాలజీ శాఖ (డీబీటీ), బ్రిటన్‌లోని వెల్‌కమ్ ట్రస్ట్ కలిసి నడిపే ఇండియా అలయన్స్ ఫెలోషిప్‌లు ఉన్నాయి, ఫెలోషిప్‌లో మీ జీతం కూడా వస్తుంది కాబట్టి అది వేరే లెవెల్, పోటీ కూడా అంతే. జాతీయ వైద్య కమిషన్ (ఎన్ఎంసీ) తప్పనిసరి చేసిన బయోమెడికల్ రీసెర్చ్ కోర్సుని సర్టిఫికెట్ కోసం కాకుండా నిజంగా వినండి. ట్రయల్ అయితే మొదటి తల్లిని చేర్చుకునే ముందే మన దేశపు ట్రయల్స్ రిజిస్ట్రీ సీటీఆర్ఐలో రిజిస్టర్ చేయాలి, తర్వాత చేస్తే మంచి జర్నల్ తీసుకోదు. "డియర్ ఎమినెంట్ డాక్టర్" అని మెయిల్ పంపి వారంలో పేపర్ వేస్తామనే జర్నళ్ల జోలికి పోకండి. ప్రాజెక్టులో పనిచేసే ఫీల్డ్ సిస్టర్ జీతం నెలల తరబడి ఆఫీసు ఫైళ్లలో ఇరుక్కోవడం మాత్రం మీరు ఏ సంస్థలో ఉన్నా తప్పదు, ఆ టెన్షన్ మీదే, ఆమె ఇల్లు మీ ప్రాజెక్టు మీద నడుస్తుంటుంది.

ఇంట్లో వాళ్ల మాట. వాళ్లు చెప్పేదాంట్లో తప్పేం లేదు, రీసెర్చ్ మీదే బతికే సైకియాట్రిస్టులు మన వైపు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. కాలేజీ ఉద్యోగం చూసుకోండి, దాని నిబంధనలు ఒప్పుకుంటే సాయంత్రం క్లినిక్ కూడా పెట్టుకోండి. బోర్డు మీద డీఅడిక్షన్, సెక్స్ సమస్యలతో పాటు గర్భిణులు, బాలింతలు అని కూడా రాయించండి, ఊళ్లో అలా రాసినవాళ్లు ఉన్నారేమో చూడండి, మీకే తెలుస్తుంది. ప్రైవేటు గైనకాలజిస్టులు ఇద్దరు ముగ్గురు మీ నంబరు ఫోన్లో వేసుకుంటే ఆదాయానికి లోటుండదు. వారంలో ఒక పూట మాత్రం ఎవరికీ అపాయింట్‌మెంట్ ఇవ్వకండి, అది గైనిక్ ఓపీది.

ప్రోటోకాల్ ఎథిక్స్ కమిటీకి ఇచ్చే ముందు ఒక్కటి సరిచూసుకోండి. పదో ప్రశ్నకి అవునని వస్తే ఎవరు, ఎక్కడ, ఎంతసేపట్లో చూస్తారన్నది పేరు, ఫోన్ నంబరుతో సహా అందులో ఉండాలి. నేను కూర్చున్న కమిటీలో మొదట తిప్పి చూసే పేజీ అదే, అది ఖాళీగా ఉంటే మిగతా పేజీలు చదవకుండానే వెనక్కి పంపేస్తాం.